మిస్ ఐవీ పెట్టిన షరతు

రాధారాణికి నోరు పెద్దది, మనసు మెత్తన. ఎనభై నాలుగులో ఆమె బ్రూక్లిన్‌లోని ఒక క్లినిక్‌లో డైటీషియన్. ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ జమైకా ఆడవాళ్లకు కాన్సర్ రాకుండా ఏం తినాలో చెప్పడం, వాళ్లను రొమ్ము పరీక్షకు రప్పించడం ఆమె పని. చెప్పేదేమో గొంతు చించుకుని చెప్పేది. వినడానికే ఎవరూ వచ్చేవాళ్లు కారు. బ్రోకలీ తినండి, లెట్యూస్ తినండి అంటే ఎవరొస్తారు పాపం!

ఒక శనివారం చర్చ్ అవెన్యూలో కూరగాయల కొట్టు ముందు ఆమె టక్కున ఆగిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది.

"ఏమండీ, తోటకూర! మన తోటకూరే!"

"అది కాలలూ," అంది కొట్టు నడిపే జమైకా ఆవిడ, మిస్ ఐవీ. ఆదివారాలు చర్చిలో అందరికీ వండి వడ్డించేది ఆవిడే. ఆకు పేరు మీద ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. చివరికి ఐవీ, "అయితే వచ్చి వండి చూపించు," అంది.

చర్చి వంటింట్లో రాధారాణి వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టింది. ఐవీని ఉప్పుచేప వేయనిచ్చింది గానీ, బాగా నానబెట్టి కడిగాక, అదీ కాస్తే. ఐవీ రుచి చూసి, ఇంకో మిరపకాయ చిదిమి వేసి, సరేనంది.

అదే అదనుగా రాధారాణి పరీక్ష సంగతి ఎత్తింది. ఐవీ ముఖం మాడిపోయింది. వాళ్లక్క ఆ జబ్బుతోనే పోయింది. ఈవిడ కదలకపోతే చర్చి ఆడవాళ్లలో ఒక్కరూ కదలరని రాధారాణికి తెలుసు.

"ఇంతకీ నువ్వు చేయించుకున్నావా?" అని అడిగింది ఐవీ.

నలభై దాటినా, తీరిక లేదంటూ వాయిదా వేస్తూ వచ్చింది రాధారాణి. సిగ్గుతో చచ్చిపోయింది.

"లేదు మిస్ ఐవీ. నాకూ భయమే."

ఐవీ పకపకా నవ్వింది. "ఆ మాట ముందే చెప్పొచ్చుగా! సోమవారం ఇద్దరం పోదాం."

వెళ్లారు. ఆస్పత్రి గౌన్లలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరికీ ఏమీ లేదని తేలాక ఐవీ వీధిలోనే ఆమెను వాటేసుకుంది.

ఆ ఆదివారం చర్చిలో ఐవీ గరిటె పట్టుకుని కూర గిన్నెకు అడ్డంగా నిలబడింది.

"పరీక్షకు పేరిచ్చిన వాళ్లకే కాలలూ. పేర్లు రాణికి చెప్పండి."

వరసలో గొణుగుడు మొదలైంది. అంతలో పాస్టర్‌గారి భార్య ఖాళీ ప్లేటుతో రాధారాణి దగ్గరికి వచ్చింది. రాధారాణికి కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడుపు తర్వాత," అంది ఆవిడ. "ముందు నా పేరు రాయి తల్లీ, కూర చల్లారిపోతోంది."