పొయ్యి మీద చెయ్యి

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పెద్దక్క కూతురు తన సెల్‌ఫోను నా ముందు పెట్టి కొడుకు మాటలు వినిపించింది. ఆ అబ్బాయి విమానాలు నడుపుతాడు, కాపురం గల్ఫులో, ఇంటి అద్దె కంపెనీయే కడుతుంది. అతని భార్య పురిటికని ఇక్కడ నంద్యాలలో ఉన్న పుట్టింటికి వచ్చి రెండు నెలలు కావస్తోంది. ఇప్పుడా కంపెనీవాళ్ళు కొత్త నియమం తెచ్చారట. పెళ్ళాం బిడ్డలు అక్కడ కాపురముంటేనే ఇల్లు, లేకపోతే ఒంటి మనిషికి ఒక గది, కాపురం నిజమేనని రుజువు చెయ్యడానికి నెలనెలా కరెంటు బిల్లు చూపించాలి. పైలట్లందరూ కలిసి కంపెనీతో తగాదా పెట్టుకున్నారనీ, అది తేలేదాకా ఈ అమ్మాయిని ఒక్క పది రోజులు పంపిస్తే ఇల్లు నిలబడుతుందనీ, ఇంకా ఏడో నెలే కాబట్టి విమానంలో ఎక్కనిస్తారనీ అబ్బాయి నవ్వుతూనే చెప్పాడు. మా అక్క కూతురు కూడా నవ్వింది. నేను మాత్రం ఒక్కసారిగా కేకలేశాను. ఏమని అరిచానో నాకే గుర్తు లేదు. తొంభైకి దగ్గరపడ్డ ముసలాడికి మతి చలించిందనుకున్నారేమో, మజ్జిగ కలిపి తెచ్చి చేతిలో పెట్టారు.

ఆ మజ్జిగ తాగుతూ కూర్చున్నవాడికి ఆళ్ళగడ్డ గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా అబద్ధమే, మరిచిపోతే కదా గుర్తు రావడానికి.

నా ఈడువాళ్ళకు ఆనాటి బస్సులు తెలుసు. ముందువైపు ఇనుప హ్యాండిలు పెట్టి నలుగురు మార్చి మార్చి తిప్పితే గానీ ఇంజను దగ్గేది కాదు, టాపు మీద జొన్న మూటలు, మేకపిల్లలు, ఒక్కోసారి పెళ్ళికొడుకు తరఫు చుట్టాలు కూడా ఎక్కేవారు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్ళిపోయిన మరుసటి ఏడు నేను నంద్యాలలో ఒక బస్సు కంపెనీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఉద్యోగం వేయించింది మా పెద్దక్క భర్త, మా బావ. ఆయన అదే కంపెనీలో డ్రైవరు, మాట తక్కువ మనిషి, యజమానికి ఆయన చేతి మీద మంచి గురి ఉండేది. యజమాని గోస్పాడు వైపు భూములున్న రైతు, అందరూ పెద్దాయన అనేవారు. తెల్లవారుజామున ఆళ్ళగడ్డలో మొదటి బస్సు బయల్దేరితేనే కోర్టు పనులవాళ్ళూ ఆసుపత్రికి పోయేవాళ్ళూ వేళకు నంద్యాల చేరతారు కాబట్టి కొంతమంది డ్రైవర్లు ఆళ్ళగడ్డలోనే మకాం ఉండాలి. వాళ్ళకోసం అక్కడ శిల్పులు రాళ్ళు చెక్కే పాకల వెనక ఒక వరుసలో ఏడు గదులు పెద్దాయన బాడుగకు పట్టించాడు. నాపరాతి బండలు పరిచిన గదులు, ముందు చిన్న అరుగు, వెనక దడి. పొద్దస్తమానం ఉలుల చప్పుడు వినబడుతూనే ఉండేది. కొత్తగా కాపురానికొచ్చిన ఆడవాళ్ళకు నెల రోజులు తలనొప్పి, ఆ తర్వాత ఆ చప్పుడు ఆగితేనే తోచేది కాదట.

తగాదా ఎక్కడ మొదలైందంటే, ఒకసారి పెద్దాయన చెప్పాపెట్టకుండా ఆళ్ళగడ్డ వెళ్ళి ఒక గది తలుపు తోశాడు. లోపల కాపురానికి బదులు పత్తి బోరాలు ఉన్నాయి. డ్రైవరు భార్యా బిడ్డలు ఊళ్ళో హాయిగా ఉన్నారు, ఇతను షెడ్డులో బస్సు సీటు మీద పడుకుని గదిని పత్తి వ్యాపారికి అప్పజెప్పాడు. పెద్దాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కుటుంబం కాపురమున్నవాడికే గది, లేనివాడికి షెడ్డు అన్నాడు. మరి కాపురం ఉన్నదీ లేనిదీ తేల్చేదెట్లా అని మేనేజరు అడిగితే పెద్దాయన చెప్పిన మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

“మనిషి అబద్ధం చెప్తాడప్పా. పొయ్యి చెప్పదు. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తాది.”

ఆ చెయ్యి నాది. నెలకొకసారి, ఏ రోజన్నది ఎవరికీ తెలియకుండా, మధ్యాహ్నం బస్సులో దిగి గది గదికీ వెళ్ళి పొయ్యిలో బూడిద మీద అరచెయ్యి ఉంచి చూడాలి. పొద్దున వంట చేసిన పొయ్యి సాయంత్రం దాకా వెచ్చగానే ఉంటుంది, పత్తికట్టె నిప్పుకు ఆ గుణం మరీ ఎక్కువ. వెచ్చగా ఉంటే తనిఖీ పుస్తకంలో ‘కాపురం ఉన్నది’ అని, చల్లగా ఉంటే ‘పొయ్యి వెలగలేదు’ అని రాయాలి. ఒక్కసారి వెలగలేదని పడిందా, ఆ గది పోయినట్టే, మళ్ళీ ఇవ్వరు. ఇరవై రెండేళ్ళవాణ్ణి, ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైనవాణ్ణి, నాకు ఆ పుస్తకం చంకలో ఉంటే నేల మీద కాలు ఆనేది కాదు. పరాయి ఆడవాళ్ళ వంటింట్లోకి బూట్లు విప్పి వెళ్ళి, వాళ్ళు గోడవారగా కొంగు సర్దుకుని నిలబడి ఉండగా బూడిదలో చెయ్యి పెట్టేవాణ్ణి. ఆ పని ఎంత సిగ్గుమాలినదో అప్పుడు తెలియలేదు. తెలియకపోగా, దొరగారి పని చేస్తున్నట్టు భుజాలెగరేసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి చెంప మీద కొట్టాలనిపిస్తుంది.

ఆ వరుసలో మూడో గదిలో బండి ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక డ్రైవరు ఉండేవాడు. కిరస్తానీ కుటుంబం, భార్యకు తొలి చూలు. ఒక తనిఖీకి నేను వెళ్ళేసరికి ఆమె లేదు, పురిటికి పుట్టింటికి వెళ్ళింది. అతను షెడ్డులో మిగతా వాళ్ళతో కలిసి తింటున్నాడు కాబట్టి పొయ్యి చల్లగా ఉంది. గదిలో ఆమె చీరలున్నాయి, గోడకు దువ్వెన, అద్దం ఉన్నాయి, పుట్టబోయే బిడ్డకని కుట్టిన చిన్న బొంత కూడా దండెం మీద ఉంది. అంటే కాపురం ఉన్నట్టు కళ్ళు చెబుతున్నాయి. కానీ నియమంలో కళ్ళ మాట లేదు, చెయ్యి మాటే ఉంది. అతను చేతులు పట్టుకుని బతిమాలాడు. పురుటికి పోయిన మనిషి రాకుండా ఉంటుందా, మూణ్ణెల్లు ఓర్చుకోమన్నాడు. నేను ‘పొయ్యి వెలగలేదు’ అని రాశాను. గది పోయింది. అతను షెడ్డులోకి, ఆ గదిలోకి ఇంకో డ్రైవరు కాపురం, తల్లీ బిడ్డా పుట్టింట్లోనే. నంద్యాలలో పెద్దాయన నా ముక్కుసూటితనాన్ని నలుగురిలో మెచ్చుకుంటే ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

ఇప్పుడు మా పెద్దక్క సంగతి చెప్పాలి. వరుసలో చివరి గది ఆమెది. నాకన్నా ఐదేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే మనిషి. నేను తనిఖీకి వెళ్ళిన రోజున మిగతా ఆడవాళ్ళలాగే గోడవార నిలబడి, నేను బూడిదలో చెయ్యి పెట్టి తీసేదాకా పెదవి బిగబట్టుకుని, తర్వాత అదే పొయ్యి మీద రొట్టె కాల్చి నా చేతికిచ్చి, దొరవారూ తినండి అని ఎగతాళి చేసేది. ఐదేళ్ళ కూతురు. మొదటి కాన్పే చాలా కష్టమైంది. రెండు రోజులు నొప్పులు పడి, చివరికి నంద్యాల మిషను ఆసుపత్రిలో డాక్టరు దొరసానమ్మ చేతి చలవ వల్ల బతికి బయటపడింది. ఈసారి ఏడో నెల రాగానే పుట్టింటికి తెచ్చుకుని ఆసుపత్రి పక్కనే ఉంచుకోవాలని మా అమ్మ ముందునుంచీ చెబుతోంది. మాఘమాసంలో మంచి రోజు చూసి, అక్కను తీసుకురమ్మని నన్ను పంపింది.

ఆ రోజు చంకలో తనిఖీ పుస్తకం లేదు, చేతిలో అమ్మ కట్టిచ్చిన చలిమిడి మూట ఉంది. బస్సు దిగి వరుస ముందు నడుస్తుంటే బండి ఆత్మకూరు డ్రైవరు షెడ్డు గోడకు ఆనుకుని ఉన్నాడు. కోపంగా కూడా అనలేదు, అడిగాడంతే.

“ఏమప్పా, మీ యక్కను పురిటికి పిల్చుకపోతాండావంట. మా పొయ్యికో కానూను, మీ యక్క పొయ్యికో కానూనా?”

వరుసలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. చలిమిడి మూట పట్టుకుని లెక్క వేసుకున్నాను. అక్క వెళితే వచ్చే నెల ఆ పొయ్యి చల్లగా ఉంటుంది. వెలగలేదని రాస్తే నా చేత్తో నా అక్క గది పోతుంది. ఉన్నదని రాస్తే మిగతా ఆరు గదులవాళ్ళ ముందూ, పెద్దాయన ముందూ నేను దొంగను. ఇంత చిన్న సంగతికి రెండు దారులే ఉన్నాయని నమ్మాను. మూడో దారి నా నాలుక మీదే ఉంది. గది పోతే పోనీలే అక్కా, నువ్వు రా అని ఒక్క మాట అంటే సరిపోయేది. బావ షెడ్డులో పడుకునేవాడు, పడుకోలేనివాడేమీ కాదు.

అక్క లోపలినుంచి అంతా విన్నది. నేను గదిలో అడుగు పెట్టేసరికి సర్దిపెట్టుకున్న పెట్టెలోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేస్తోంది.

“నేన్యాడికీ రాన్రా. నేనిప్పుడొస్తే వీళ్ళు నిన్ను బతకనిస్తారా? ఈడ మంత్రసాని ల్యాదా యేంది. పోయి అమ్మకు చెప్పు, అక్కే రానన్యాదని.”

నేనేమన్నానని అడగకండి. ఏమీ అనలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. గుండెల మీది బండ దిగినట్టు ఊపిరి తీసుకున్నాను. చలిమిడి అక్క చేతికిచ్చి, ఆమె కాల్చిన రొట్టె తిని, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి, అక్కే రానన్నది అని అమ్మకు చెప్పాను. అమ్మ నన్ను నమ్మింది. బావను అడిగితే, దాని ఇష్టం అని ఊరుకున్నాడు. ఆ వరుసలో తలెత్తుకు తిరగాల్సింది ఆయన కూడా కదా.

నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. అప్పటికే బావ మొదటి బస్సు తీసుకుని నంద్యాలకు, అక్కణ్ణుంచి మరో ట్రిప్పు మీద ఎక్కడికో వెళ్ళిపోయాడు. మంత్రసాని పొద్దెక్కేదాకా తన వల్ల అవుతుందనే అన్నదట, అవదని తేలాక చేతులెత్తేసిందట, బస్సులో కదిపితే ప్రాణానికే ముప్పని కూడా అన్నదట. మధ్యాహ్నం నేను ఆఫీసులో కూర్చుని టిక్కెట్ల కట్టలు సరిచూస్తుంటే బండి ఆత్మకూరు డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. ప్యాసెంజర్లను దారిలో శిరివెళ్ళలో దింపేసి ఖాళీ బస్సు తోలుకొచ్చాడని తర్వాత తెలిసింది.

“బేగా రాప్పా. మీ యక్కకు బాగల్యాదు. మీయమ్మను గూడా పిల్చుకరా.”

ఆసుపత్రిలో దొరసానమ్మ దగ్గర పనిచేసే నర్సును కాళ్ళావేళ్ళా పడి ఎక్కించుకున్నాం. దారి పొడుగునా అతను గుంటలు కూడా తప్పించకుండా తోలాడు. నన్ను ఒక్క మాటైనా తిడితే బాగుండునని, అతని వీపు చూస్తూ కూర్చున్నాను. ఆళ్ళగడ్డ చేరేసరికి ఉలుల చప్పుడు వినబడలేదు. శిల్పులు పని ఆపేశారు. దాంతోనే నాకు తెలిసిపోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

అమ్మ అక్క మీద పడి ఏడుస్తోంది. నేను ఆ గదిలో నిలబడలేక, ఎటు వెళ్ళాలో తెలియక వంటింటి మూలకు వెళ్ళి కూలబడ్డాను. కూలబడి ఏం చేశానో తెలుసా, అలవాటు కొద్దీ నా చెయ్యి దానంతటదే వెళ్ళి పొయ్యిలో బూడిద మీద ఆనింది. చల్లగా ఉంది. పొద్దుటినుంచీ ఆడవాళ్ళంతా అక్క దగ్గరే ఉన్నారు, శవం లేచేదాకా ఇరుగుపొరుగు కూడా పొయ్యి వెలిగించరు, వరుసలో మిగతా ఆరు ఇళ్ళలోనూ అంతే. నియమం ప్రకారమైతే ఆ రోజు ఆ వరుసలో కాపురమున్నవాళ్ళే లేరు. చెయ్యి తీసి చూసేసరికి గుమ్మంలో బావ ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు, నా చేతికి అంటిన బూడిద వంకే చూస్తున్నాడు.

“చూసినావు గదప్పా. రాసుకో. పొయ్యి చల్లగుందని రాసుకో.”

అంతే అన్నాడు. తర్వాత ఆయన బతికిన ఇరవై ఏళ్ళలో నాతో బస్సుల గురించి, వానల గురించి మాట్లాడాడు గానీ, ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నేను రాయలేదు. ఆ నెల పుస్తకంలో ఆ గది ఎదుట ఖాళీగా వదిలాను. పెద్దాయన చెడ్డవాడు కాడు, దినాలకు బియ్యం పంపాడు, తనూ వచ్చి కంటనీరు పెట్టుకున్నాడు. కానీ పుస్తకం చూసి, ఆడమనిషి లేని ఇల్లు కాపురమెట్లా అవుతుందని మేనేజర్ని అడిగాడు. దాంతో గది పోయింది. బావ తన పెట్టె తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు, పక్క సీటు మీద బండి ఆత్మకూరు డ్రైవరు. కూతుర్ని మా అమ్మ నంద్యాలకు తెచ్చుకుంది. ఆ వారం డ్రైవర్లు రెండు రోజులు బస్సులు కదలనివ్వలేదు. మూడో రోజు పెద్దాయన దిగొచ్చి నియమంలో ఒక మాట చేర్చమన్నాడు. పురుటికి పోయిన ఆడమనిషి ఇంట మూణ్ణెల్లదాకా పొయ్యి చూడనక్కర లేదు అని. నా దస్తూరి బాగుంటుందని ఆ మాట నాచేతే పుస్తకం మొదటి పేజీలో రాయించారు. బండి ఆత్మకూరు డ్రైవరుకు గది తిరిగి వచ్చింది, మా అక్క ఉన్న గదే.

పందొమ్మిదివందల అరవైలో ఆ ఉద్యోగం వదిలేసి బడిపంతులు పనిలో చేరాను. అక్క కూతుర్ని చదివించాను, పెళ్ళి చేశాను, ఇప్పుడు ఆమె ఇంట్లోనే, ఆమె చేతి అన్నమే తింటున్నాను. వాళ్ళమ్మ మంత్రసాని చేతకానితనం వల్ల పోయిందనే ఆమెకు తెలుసు. ఇది రాయడం అయ్యాక ఈ కాగితాలు మొదట ఆమెకే ఇస్తాను. డెబ్బై దాటిన మనిషి, ఏం చేస్తుందో చూడాలి.

ఆళ్ళగడ్డలో ఆ వరుస ఇప్పుడు లేదు, అక్కడ దుకాణాలు లేచాయి. ఉలుల బదులు యంత్రాలు రాయి కోస్తున్నాయి. పొయ్యిల సంగతి చెప్పేదేముంది, గ్యాసు ఆపిన కాసేపటికే చల్లబడుతుంది, ఏ గుమాస్తా చెయ్యీ ఏమీ కనిపెట్టలేదు. అందుకే కాబోలు కరెంటు బిల్లు అడుగుతున్నారు. మనుషులు ఆకాశంలో ఎగురుతున్నారు గానీ, ఇల్లంటే ఏమిటో తేల్చేవాడు ఇంకా ఎక్కడో నాలాగే పుస్తకం పెట్టుకుని కూర్చునే ఉన్నాడు.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయి అత్తను చూడ్డానికి వచ్చింది. కడుపు మీద చెయ్యి ఆన్చుకుని నా మంచం పక్క కుర్చీలో కూర్చుని, పది రోజులకు పోయి రమ్మంటావా తాతా అని అడిగింది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

“ఇల్లు పోతే పోనీలేమ్మా. నువ్వు ఈడ్నే ఉండు.”

సరే తాతా అని నవ్వి, లేచి, లోపలికి కాఫీ తాగడానికి వెళ్ళింది. అంతే. అంత చిన్న మాట అది.