పధ్నాలుగో రోజు గడి

ఏడేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. చిన్నదే అనుకుంటూ మోశాను. పోయిన నెలలో ఒక కాగితం చేతికి వచ్చాక తెలిసింది, దాని బరువు తప్పుగా కొలిచానని. ఇంతవరకు నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. వరుసగా చెబుతాను. వరుస తప్పితే నాకు ఆలోచన సాగదు.

నేను మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. జంషెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగాను. నాన్న టాటానగర్‌లో రైల్వే ఫిట్టర్. కాలనీ క్లబ్బు హాల్లో ఒక పాత పియానో ఉండేది. సిగ్నల్ విభాగంలో రిటైరైన సారు ఒకాయన, మా పెద్దల శ్రీకాకుళం వైపు మనిషే, దాని మీద మాకు నేర్పేవారు. ఆయన పద్ధతి మూడే ముక్కలు. ఒకటి, కష్టమైన చోటును విడదీసి, ఒక్కో చేత్తో, నెమ్మదిగా వాయించు. రెండు, తప్పు లేకుండా వరుసగా మూడుసార్లు వస్తేనే, టిక్కు టిక్కుమంటూ వేగం చూపే మెట్రోనోమ్ మీద అంకె నాలుగు పెంచు. మూడు, ఎక్కడైనా నొప్పి పుడితే ఆపేయ్.

"ఒరే, సెయ్యికి తప్పూ ఒప్పూ తెల్దురా. ఏది ఎక్కువసార్లు సేత్తే అదే నేర్సుకుంటాది," అనేవారు.

చేసిందంతా రోజూ నోటుబుక్కులో గళ్లు గీసి రాయాలి. తేదీ, వాయించిన భాగం, వేగం, తప్పులు.

నేను రాశాను. వాయించలేదు.

అసలు కూర్చోలేదని కాదు. వారానికి రెండు మూడుసార్లు కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా దడదడలాడించి, తప్పే చోట తప్పుతూనే దాటేసి లేచేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక కాంట్రాక్టు పనిలో అప్రెంటిస్‌గా చేరాను. అక్కడ ఒక విద్య అబ్బింది. గంటగంటకూ గేజి దగ్గరికి వెళ్లి రాయాల్సిన రీడింగులను షిఫ్టు చివర ఒక్కచోట కూర్చుని నింపేయడం. నేర్పినవాడు కిటుకు కూడా చెప్పాడు. అంకెలు మరీ నున్నగా ఉండకూడదు, మధ్యలో ఒకటి తగ్గించాలి, పెన్ను మార్చాలి. ఆ కిటుకును తెచ్చి పియానో నోటుబుక్కులో పెట్టాను. ఆదివారం ఉదయం పది నిమిషాల్లో వారమంతా తయారయ్యేది. ఎడమచేతి ఆక్టేవులు, అంటే బొటనవేలూ చిటికెనవేలూ బాగా చాచి ఒకే స్వరాన్ని పైనా కిందా ఒక్కసారే మోగించడం, మొదటి రోజు అరవై వేగం, ఇరవై ఎనిమిదో రోజుకు నూట ముప్పై రెండు. రోజుకు రెండు గంటలు. రెండు చోట్ల వేగం తగ్గించాను కూడా. నిజంలా కనపడాలి కదా.

సారు ఆ పట్టిక చూసి పొంగిపోయారు. వింటే చాలు పట్టేసే చెవి నాది. క్లబ్బు వార్షికోత్సవంలో కుడిచేతి జోరుతో నెట్టుకొచ్చేశాను. దానికి కారణం పట్టికే అనుకుని ఆయన జిరాక్సులు తీయించి అందరికీ పంచారు. ఒకటి రమణికి.

రమణి సిద్ధగోరా నుంచి ఆటోలో వచ్చేది. నాకన్నా రెండేళ్లు చిన్నది. మా అందరిలో నిజంగా వాయించగలిగేది ఆమె ఒక్కతే. నా పట్టిక ముందు పెట్టుకుని, రైలు టైంటేబుల్‌ను డ్రైవరు పాటించినట్టు పాటించింది. ఒక సాయంత్రం క్లబ్బు గేటు దగ్గర నన్ను ఆపింది.

"భయ్యా, ఏక్ బాత్ బతావ్. పధ్నాలుగో రోజు నీకు చెయ్యి నొప్పెట్టలేదేటి? ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా లాగేత్తంది," అని ఎడమ మణికట్టు నుంచి మోచేతి దాకా చూపించింది.

"ఏటి, అప్పుడే అయిపోయావేటి?" అన్నాను నవ్వుతూ.

"అరే, మజాక్ నహీ. నీకు వచ్చిందా, రాలేదా? సచ్ బోల్."

"నాకు రాలేదు. నువ్వు బిగపట్టి వాయిత్తన్నావేమో. ఆపేత్తే మాత్రం మళ్లీ అరవై నుంచి మొదలెట్టాల, చూసుకో."

"అచ్ఛా. అయితే నాదే తప్పన్నమాట," అంది. తల ఊపి లోపలికి వెళ్లింది. కాసేపటికి మెట్రోనోమ్ టిక్కు టిక్కుమనడం బయటికి వినిపించింది.

ఎందుకలా అన్నాను? దొరికిపోతానన్న భయమా? అదైతే కొంత నయం. సారు చెప్పిన మూడో ముక్క నాలుక మీదే ఉంది, నొప్పి పుడితే ఆపేయ్ అని. అది అనడానికి నా పట్టిక అబద్ధమని ఒప్పుకోవలసిన అవసరం కూడా లేదు. ఒక్క మాట. ఏమీ పోయేది కాదు. అయినా అనలేదు, ఎందుకంటే అలా అడిగించుకోవడం, ఓర్చుకున్నవాడిలా జవాబు చెప్పడం, నాకు బాగుంది.

తరవాత ఆమె రావడం మానేసింది. కాలేజీ పరీక్షలన్నారు. నమ్మాను. నమ్మడం సుఖం.

పోయిన నెల సారు ఇల్లు మారుతుంటే సామాన్లు సర్దడానికి వెళ్లాను. పాత కాగితాల్లోంచి ఒకటి తీసి నాకిచ్చారు.

"నీ పట్టికేరా. రమణి నాకిచ్చేసి ఎల్లిపోయింది. సెయ్యి పాడైపోనాది పాపం. ఇప్పటికీ ఎడం సేత్తో నీల్ల గ్లాసు నిలకడగా పట్టలేదంట. తనకి ఓపిక లేదనీసింది. నీకున్న ఓపిక అందరికీ ఉంటాదేటి?"

జిరాక్సు మాసిపోయి ఉంది. నా ప్రతి గడి పక్కనా పెన్సిల్‌తో ఆమె అంకెలు. పదకొండో రోజు నుంచి తప్పుల గడిలో అంకె పెరుగుతోంది. అయినా వేగం నా అంకెకే పెట్టింది. పధ్నాలుగో రోజు దగ్గర సన్నటి అక్షరాలు: "నొప్పి. భయ్యాకి రాలేదు. నాదే తప్పు." దాని కింద ఇంకో ఐదు రోజులు నింపింది. ఆపైన ఖాళీ.

ఐదు రోజులు. నా జవాబు తరవాత ఐదు రోజులు.

నిలబడ్డచోటే కూర్చుండిపోయాను. కళ్లు తిరిగాయేటిరా అని సారు అడిగితే, ఎండకి అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

ఇంట్లో కీబోర్డు ఉంది. మర్నాటి నుంచి ఆ ఆక్టేవులు అరవై దగ్గర మొదలుపెట్టాను. మూడుసార్లు తప్పు లేకుండా రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఏడేళ్ల కిందట దడదడలాడించిన తప్పులను చెయ్యి ఒక్కటీ మరిచిపోలేదు. నా పట్టిక ప్రకారం తొమ్మిదో రోజుకు ఎనభై దాటాలి. అన్ని తక్కువ రోజుల్లో ఆ వేగం మనిషెవరికీ రాదేమో. నేను దాన్ని పెన్నుతో అందుకున్నాను, ఆమె చేత్తో అందుకోబోయింది.

ఈ ఉదయం కొత్త కాగితం మీద ఇరవై ఎనిమిది గళ్లు గీసి నిజం రాశాను. ఒకటి సారుకి, ఒకటి రమణికి. క్షమించమని రాయలేదు. ఎక్కువ గళ్లలో గుర్తులేదు అనే రాయాల్సి వచ్చింది. పధ్నాలుగోది మాత్రం బాగా గుర్తుంది.

ఆ రోజు విజయనగరం వెళ్లే మావయ్యను రైలెక్కించడానికి టాటానగర్ స్టేషన్‌కు వెళ్లాను. బండి లేటు. ప్లాట్‌ఫారం మీద సమోసాలు తిన్నాం. ఇంటికొచ్చి పడుకున్నాను. పియానో ముట్టుకోలేదు.

అందుకే నాకు నొప్పి రాలేదు.