నేను తప్ప అందరూ చూసిన రాకెట్

ఆ రోజుల్లో నా కంటబడ్డ ప్రతి గొట్టమూ నాకు రాకెట్టే. సూరత్‌లో అట్టగొట్టాలకు కరువా? బట్ట తాన్లు విప్పేయగా మిగిలినవి ఏ గల్లీ మూల చూసినా పడి ఉంటాయి. ఆ వయసులో మిగతా కుర్రాళ్లు ప్రేమలోనో క్రికెట్‌లోనో పడితే, డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్న నేను గొట్టాల్లో పడ్డాను. ఎవరో విదేశీ పెద్దమనుషులు తమకన్నా ఎత్తైన రాకెట్లను పొలాల్లోంచి ఎగరేయడం ఫోన్‌లో చూసి, మనమెందుకు చేయలేం అనుకున్నాను. (ఎందుకు చేయలేమో ఇప్పుడడిగితే ఓ పూటంతా చెప్పగలను.)

మగ్గాల పనికి సూరత్‌కు వలసొచ్చిన మాకు నవాగామ్‌లో ఒకటే గది. నా రాకెట్ నాకన్నా పొడుగు. నిలబెడితే ఫ్యాన్‌కు తగిలేది, పడుకోబెడితే లూమ్ మీద షిఫ్టు ముగించి వచ్చిన నాన్నకు చోటుండేది కాదు. "నేను పండుకోవాల్నా, ఇది పండుకోవాల్నా, ఏదో ఒకటి తేల్చున్రి" అని గుమ్మంలోనే నిలబడేవాడు. రెక్కలు ప్లైవుడ్‌వి, ముక్కు థర్మోకోల్‌ది, పారాచూట్ అమ్మ చీరది (ఎర్రపూల పాలిస్టర్. ఒక్క ఉతుకుకే రంగు దిగిందని ఆమె కట్టడం మానేసింది). అంత బరువుకు ఒక మోటారు (మందు కూరిన చిన్న గొట్టం) చాలదని అడుగున నాలుగు బిగించాను. నా గొప్పా అదే, నా గుబులూ అదే. నాలుగూ ఒకేసారి అంటుకుంటే సూటిగా పైకి పోతుంది. ఒక్కటి మొండికేసినా పక్కకు ఒరిగి ఎటు పోతుందో దానికే తెలియదు.

మా ఇంట్లో ఆఖరి మాట మేనమామది. పాండేసరలో ఒక రంగుల మిల్లులో మాస్టర్ ఆయన. నేను ఇంజనీరింగ్ చదువుతానంటే నాన్న మామ వైపు చూశాడు, మామ గోడకు ఆనించిన రాకెట్ వైపు చూశాడు. "గిదేంది అల్లుడా?" అన్నాడు. చెప్పాను. చాలాసేపు విని, గొట్టాన్ని వేలితో తట్టి తీర్పు చెప్పాడు. "సరే, గిది సీదా మీదికి పోయిందనుకో, మీ నాయినకు నేను జెప్త, సదువుకో. వంకర పోయిందనుకో, సోమారం సంది నా ఎంబడి మిల్లుకు రా." నా బతుకంతా నాలుగు మోటార్ల మీద పెట్టినట్టయింది. అమ్మ మాత్రం చీర అంచు ఇంకోసారి గట్టిగా కుట్టింది.

సూరత్ బయట కిమ్ అనే ఊరు దాటాక నా గుజరాతీ దోస్తు వాళ్ల పొలం ఉంది. (వాణ్ని బాబిన్ అనేవాళ్లం, దారం చుట్టే కండెలా ఉంటాడని. తలా పాదాలూ వెడల్పు, మధ్యలో మనిషే ఉండడు.) చెరుకు కొట్టేసి దున్నిన ఖాళీ నేల. ఆదివారం పొద్దున్నే అక్కడ ఇనుప కడ్డీకి రాకెట్ తొడిగి, వైర్లన్నీ చాలా దూరంగా ఉన్న బ్యాటరీ దాకా లాక్కొచ్చి, అక్కడే తాడు కట్టి అందరినీ దాని వెనక నిలబెట్టాను. అమ్మ, నాన్న, బాబిన్, నాన్నతో పనిచేసే ఒకాయన. పెద్దమనిషిని పిలిచి మర్యాద చేయకపోతే బాగుండదని మోటార్లు అంటించే బటన్ మామకు ఇచ్చాం. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మామా, నేను పది నుంచి ఎనకకు లెక్కవెడ్త. సున్న అన్నంక నొక్కు" అన్నాను.

"నాకు సమజ్ కాదా? ఎన్ని మిషన్లు చాలూ చేసిన్నో ఎరుకేనా నీకు?"

అప్పుడు అమ్మ సంచీలోంచి కొబ్బరికాయ తీసింది. "ఇది కొట్టకుంట ఎట్ల చాలూ చేస్తర్రా?" రాకెట్ అడుగు దగ్గరే కొట్టాలని మామ పట్టు, దాని దగ్గరికి ఎవరూ పోవద్దని నా పట్టు. చివరికి బ్యాటరీ పక్కన ఓ ఇటుక పెట్టి, నేనే వంగి కొట్టాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సూరత్ కార్ఖానాల్లో కొత్త మిషన్ పెట్టినప్పుడు ఒకరు కాయ కొడతారు, పెద్దమనిషి స్విచ్చి మీద వేలు పెట్టుకుని ఉంటాడు. కాయ పగిలిన చప్పుడుకే స్విచ్చి పడుతుంది. మధ్యలో లెక్కలేమీ ఉండవు. ఇది నేను చిన్నప్పటినుంచి చూస్తున్నదే, అయినా ఆ పూట గుర్తు రాలేదు. మామ బొటనవేలికి మాత్రం బాగా గుర్తుంది.

కాయ ఠప్పుమంది. ఒక చిప్ప దొర్లిపోతుంటే పట్టుకోవడానికి ఇంకా వంగాను. భయంకరమైన చప్పుడు. కొబ్బరికాయే పేలిందనుకున్నాను (ఒట్టు, నిజంగానే అనుకున్నాను). చిప్ప చూసుకుని, చేయి చూసుకుని, తలెత్తేసరికి అంతా పొగ. పొగ పలచబడ్డాక కడ్డీ ఒంటరిగా ఉంది. పైన కళ్లు చెదిరే ఎండ తప్ప నాకేమీ కనబడలేదు.

"ఎటు పోయింది?" అని అరిచాను. ఎన్ని చేతులో అన్ని దిక్కులు. "సీదానే పోయింది గని, జర తిరిగినట్టు కొట్టింది" అన్నాడు నాన్న. బాబిన్ గంతులేస్తూ, "ఏక్‌దమ్ సీధు గయు!" అన్నాడు. నాన్నతో పనిచేసే ఆయన, "ఏడ సీదా? నా మీదికే వచ్చింది, నేను ఉరికిన" అన్నాడు. (వెనక్కి తిరిగి పరిగెత్తిన మనిషికి ముందున్నది ఎలా కనిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు.) అమ్మ, "నా చీర ఆకాశంల ఎంత మంచిగ కనవడ్డదో బిడ్డా" అంది. ఆ చీర గాలికి కొట్టుకుపోయి అవతలి చెరుకు తోటలో దిగిందట. అది దొరికితే అడుగు చూసి ఎన్ని మోటార్లు కాలాయో చెప్పేవాణ్ని. మనిషి ఎత్తు చెరుకులో చేతులు గీరుకుపోయేలా వెతికాం, దొరకలేదు. మళ్లీ వచ్చి ఒక్కొక్కరినీ అడిగాను, నాలుగు మంటలు కనబడ్డాయా, మూడేనా అని. అడిగిన కొద్దీ జవాబులు మారిపోయాయి. సోమవారం నాకు మిల్లో, కాలేజీయో ఆ పొలంలో ఎవరికీ తెలియలేదు.

అందరం మామ వైపు చూశాం. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, కుర్చీ చంకన పెట్టుకున్నాడు. "సీదా పోయింది. పోరన్ని సదువుకోనియ్యున్రి" అన్నాడు.

చదువుకున్నాను. ఇప్పుడు లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజనీరుని. ఈమధ్య మామ ఇంట్లో భోజనం చేస్తూ మళ్లీ అడిగాను.

"మామా, నిజం జెప్పు. నాలుగు మంటలు చూసినవా?"

"నాకేమెరుక అల్లుడా? గంత సప్పుడైతె కండ్లు మూసుకున్న. తెరిచేటాల్లకు పొగనే ఉండె."

"మరి సీదా పోయిందంటివి?"

మామ పెరుగు కలుపుకుంటూ, "నువ్వు చిప్ప పట్టుకొని ఒక్కొక్కల్ని అడుక్కుంటుంటివి. నాకు సూడబుద్ధి కాలే" అన్నాడు.

ఆ చిప్ప అప్పటిదాకా నా చేతిలోనే ఉందన్న సంగతి నాకు ఆయన చెప్పాకే తెలిసింది. ఆ పొలంలో నిలబడ్డ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈ ఊళ్లో కొత్త లిఫ్టు మొదలుపెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు ఇంజనీరు సాబే కొట్టాలని నా చేతిలో కొబ్బరికాయ పెడతారు. దండం పెట్టి పక్కవాళ్లకు ఇచ్చేస్తాను. కాయ ఎవరు కొట్టినా సరే, నేను మాత్రం తలెత్తి పైకే చూస్తూ నిలబడతాను.