రత్నాలమ్మ చెప్పిన దేవుడి కోపం

గొయ్యి మొగలి పొదల కంచెకు అవతల తవ్వమన్నాడు ఎల్లాజీ. అతను సంఘానికి పెద్ద. ప్రార్థన ఇంట్లో ముందు కూర్చుంటాడు, కానుకల పళ్లెం పడతాడు. దేవుడికి ఎవరు దగ్గరో ఎవరు దూరమో తనకొక్కడికే తెలుసన్నట్టు నడుస్తాడు. కంచె లోపలున్నవి క్రైస్తవపేట సమాధులు. అవతలున్నవి ఇసుకా, జీడిచెట్లూ, నక్కలూ.

చాపలో చుట్టి ఉన్నది బొడ్డమ్మ కూతురు సలోమి. అయిదేళ్ల పిల్ల. పెద్దమ్మవారు పోసి ప్రాణం పోయింది. చాప పక్కన కూలబడిన బొడ్డమ్మకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఆమె మొగుడు గున్నయ్య పార పట్టుకుని అటా ఇటా తేల్చుకోలేక నిలబడ్డాడు. పేటంతా చూస్తోంది.

"గుంటకి పొక్కులు పోసినప్పుడు దీని తల్లి అమ్మోరి గుడికి కోడిని పట్టుకెల్లినాది. మళ్లీ ఆదోరం మనతోపాటు బల్లకాడ రొట్టె తిన్నాది. ఆ వారం తిరక్కుండా గుంట పోనాది. ఇది దేవుడి కోపం కాక ఇంకేటి?" అన్నాడు ఎల్లాజీ. "కోపం పడ్డ పీనుగుని లోపలెడితే రేపు మన గుంటలకి దిక్కేటి?"

అప్పుడు జనాన్ని తోసుకుని రత్నాలమ్మ వచ్చింది. పీచు తాళ్లు పేనుకుని బతికే విధవ. నోట్లో అడ్డచుట్ట, నిప్పు లోపలికి పెట్టి కాల్చేది. దాన్ని తీసి ఇసుకలో గుచ్చింది.

"ఎల్లాజీ బావా, దేవుడి కోపం పంచిపెట్టే పని నీకెప్పుడిచ్చినారు? కానుకల పళ్లెంతోపాటే ఇచ్చినారేటి?"

వెనక ఎవరో నవ్వబోయి దాన్ని దగ్గుగా మార్చుకున్నారు.

"వాక్యంలో కోపం నేదా?" అన్నాడు ఎల్లాజీ.

"ఉన్నాది. నాను సదివితేనే కదా నువ్వు విన్నావు. ఆ కోపం ఏటయిపోనాదో కూడా ఆ పొద్దే సదివినాను. నువ్వప్పుడు కునుకుతన్నావు."

"మాటలు సాలు. లోపల దీనికి సోటు నేదు."

రత్నాలమ్మ తిన్నగా తన మొగుడి సమాధి దగ్గరికి పోయింది. పక్కన బిళ్లగన్నేరు నాటి ఉన్న జాగా ఆమె తనకోసం ఉంచుకున్నదని పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మొక్కని వేళ్లతో సహా పీకి పక్కన పడేసింది.

"ఇది నా సోటు. గుంటకి ఇచ్చీసినాను. నాను సచ్చినపుడు నన్ను కంచవతల పడీయండి. నక్కలు నా ఎముకలు కొరికి పళ్లు పోగొట్టుకుంటాయి."

గున్నయ్య చేతిలో పార లాక్కుని తానే తవ్వడం మొదలుపెట్టింది. మూడు పోట్లు పడేసరికి గున్నయ్యకు సిగ్గేసి పార తిరిగి అందుకున్నాడు. ఎల్లాజీ తలపాగా సర్దుకున్నాడు. ఓడిపోయిన మగవాడికి ఆ పనొక్కటే మిగులుతుంది. చివరికి ఆ తలపాగా తీసి చంకలో పెట్టుకుని, తనే ముందు నిలబడి పాట ఎత్తుకున్నాడు.

ఇదంతా ఆంధ్ర రాష్ట్రం వేరుపడడానికి ముందటేడు జరిగింది. అంతకుముందు బొడ్డమ్మకు రత్నాలమ్మ అంటే పెద్ద గౌరవమేమీ లేదు. నోరు జాస్తి, చుట్ట జాస్తి అనుకునేది.

రత్నాలమ్మ పుట్టింది నిమ్మాడ వైపు, ఒక తోట కాపలావాడి ఇంట్లో. మొగుడు ఈ పేట క్రైస్తవుడే, కొబ్బరికాయలు దింపేవాడు. ఒక వానరోజు చెట్టు జారి పడి పోయాడు. పిల్లల్లేరు. అత్తవారు తిండి దండగన్నారు. ఆమె టెక్కలి పోయి ఒక ఆస్పత్రిలో పుళ్ల గుడ్డలు ఉతికే పనికి కుదిరింది. అక్కడ ఒక నర్సమ్మ దగ్గర కూడబలుక్కుని చదవడం నేర్చింది. బాప్తిస్మం పుచ్చుకుని, ఒక వేదపుస్తకం చంకన పెట్టుకుని పేటకు తిరిగొచ్చింది. చదువొచ్చిందన్న గర్వం ఆమెకు కొంచెం ఉండేది. ఉండకేం? పేటలో ఇంకెవరికొచ్చు గనక?

పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు. టెక్కలిలో బస్సెక్కి రోడ్డు మీద దిగి, ఇసుకలో సైకిలు నడిపించుకుంటూ. ఆరోజే బల్ల ఆరాధన, ప్రభువు పేర రొట్టే ద్రాక్షరసమూ పంచుకునేది. మిగతా ఆదివారాలు రత్నాలమ్మే చదివేది. బల్లకు రొట్టె కాల్చేదీ ఆమే. పలాస బజారులో కొన్న గోధుమపిండి, ఎండుద్రాక్ష నానేసి పిండిన రసం. చుట్ట మానమని పాస్టరుగారు వచ్చినప్పుడల్లా చెప్పేవారు. "ఆదోరం ఒక్కపూటా మానీగలను బాబూ, మిగతా వారం నా వల్ల కాదు" అనేది.

సలోమికి కంచె లోపల చోటు దొరికింది గాని, బొడ్డమ్మ తనకు తానే బయట కూర్చుంది. బల్ల ముందు పాడే పాట మొదలవగానే ఆమె లేచి చూరు కిందికి పోయి నిలబడేది. పొమ్మన్నవాళ్లు లేరు. తర్వాత ఇంకో ఆడపిల్ల పుట్టింది, దీనమ్మ. అప్పటినుంచి ఆ భయం మరీ గట్టిపడింది. ఒకసారి రొట్టె తిన్నందుకు ఒక పిల్ల పోయింది. మళ్లీ తింటే రెండోది పోదని నమ్మకమేమిటి? ఈ మాట ఆమె మొగుడితో కూడా అనలేదు. దీనమ్మకు ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, తను ఆ నెలలో ఏం తప్పు చేసిందో వెతుక్కునేది.

ఒకరోజు రత్నాలమ్మా బొడ్డమ్మా నీటిగుంట ఒడ్డున కూర్చుని, పీచు తియ్యడానికి నానేసిన కొబ్బరి డొక్కలు కర్రలతో బాదుతున్నారు. మురుగు నీటి వాసన. దీనమ్మ కొంచెం దూరంలో పీచు కుప్ప మీద దొర్లుతోంది. బొడ్డమ్మ ఉన్నట్టుండి అడిగేసింది.

"అప్పా, నిజం సెప్పు. నా కోడి వల్లే కాదేటి పెద్దగుంట పోనాది?"

రత్నాలమ్మ బాదడం ఆపలేదు. "ఆ ఏడు మన పేటలో గుంటలు సానామంది పోనారు. అందరి తల్లులూ కోళ్లు పట్టుకెల్లినారేటి? ఎల్లాజీ బావ తమ్ముడి కొడుకు పోనాడు. ఆలింట్లో కోడే నేదు."

"అయితే దేవుడికి కోపం రాదంటావు."

కర్ర ఆగింది. "రాదని నానెప్పుడన్నానే? కోటబొమ్మాళి సంతలో ఆ కామందు పాలేరుని గుంజకి కట్టి కొట్టినపుడు నువ్వూ సూసినావు, నానూ సూసినాను. అది సూసి కోపం రాని దేవుడు నాకెందుకు?"

"మరి?"

"అమ్మోరిది ఆకలి కోపం అనుకుంటాం మనం. కోడెడితే సల్లారద్ది అనుకుంటాం. బాప్తిస్మం పుచ్చుకున్నాక ఆ కోపాన్నే మోసుకొచ్చి ఈయన నెత్తినెట్టినాం. పేరు మార్చినాం గాని భయం మార్చనేదు. నానూ అంతే. మొదట్లో ఉరిమితే సాలు, మంచం కిందకి దూరీసి తప్పయిపోనాది, తప్పయిపోనాది అనీదాన్ని. ఏ తప్పో నాకే తెలీదు."

"ఇప్పుడు దూరవేటి?"

"ఇప్పుడు పట్టనే!"

ఇద్దరూ నవ్వారు. రత్నాలమ్మ చేతులు పైటకు తుడుచుకుంది.

"మన తోటల్లో పిడుగు ఎక్కడ పడద్ది?"

"పొడుగు సెట్టు మీద."

"దాని కింద గుడిసె?"

"మిగులుద్ది సానాసార్లు."

"అలగే అనుకో. మన పాపం మీద పడాల్సిన కోపం ఆ సిలవమాను మీద పడిపోనాది. ఎవడినో అడ్డమెట్టి తప్పుకోనేదు దేవుడు. తన కొడుకునే ఇచ్చినాడు, కొడుకూ తన ఇట్టంతోనే ఎక్కినాడు. పడీసిన పిడుగుకి ఇంకా నెత్తి మీద సేతులెట్టుకోని కూకుంటావేటి?"

బొడ్డమ్మ చేతిలో డొక్క కింద పెట్టి మెల్లగా అంది. "నా గుడిసె మిగల్నేదు కదప్పా. గుంట పోనాది కదా."

రత్నాలమ్మ నోరు ఏ మాటకీ వెనక్కి తగ్గడం అంతవరకు బొడ్డమ్మ చూడలేదు. ఆరోజు చూసింది.

"అది ఏలో నాకు తెలీదు. తెలిసినట్టు సెప్పడానికి నానెల్లాజీని కాను," అంది రత్నాలమ్మ. "కోడి కోసం కాదని మాత్రం తెలుసు. కోడికోసం పసిగుంటని పట్టుకెల్లీవాడైతే, తన కొడుకుని మనకోసం ఎందుకిత్తాడు?"

మళ్లీ ఇద్దరూ డొక్కలు బాదారు. ఆరోజు ఇంటికి పోతూ బొడ్డమ్మకు ఒక సంగతి తట్టింది. అందరూ ఏదో ఒక కారణం చెప్పారు. తెలీదు అన్నది ఈమె ఒక్కతే. ఆ తెలీదన్న మాటనే ఎందుకో ఎక్కువ నమ్మబుద్ధయింది. అయినా ఆ నెల కూడా పాట మొదలవగానే ఆమె చూరు కిందికే పోయింది.

మరుసటి నెల పాస్టరుగారు వచ్చే ముందురోజు రత్నాలమ్మ కబురుపెట్టింది. బొడ్డమ్మ దీనమ్మను ఎత్తుకుని వెళ్లేసరికి ఆమె కుడి మణికట్టుకు ఆముదపాకు కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. చెయ్యి వాచిందంది. వాచిన చేత్తోనే చుట్ట బాగానే చుడుతోందని బొడ్డమ్మ గమనించింది గాని అనలేదు. పళ్లెంలో పిండి సిద్ధంగా ఉంది.

"ఓలే బొడ్డీ, సేతులు కడుక్కోని రా. రొట్టె నువ్వే కాల్చాల."

"నానా? ఈ సేతులతోనా? కోడిని పట్టుకెల్లిన సేతులప్పా ఇవి!"

"నా సేతులేటి పట్టుకున్నాయో నీకు తెలుసేటి? మొగుడు పోనాక ఆకలికి తోటల్లో కాయలు దొంగిలించినాయి. ఈ సేతుల రొట్టే ఇన్నాళ్లూ అందరూ తిన్నారు. ఎల్లాజీ బావయితే పెద్ద ముక్క ఎక్కడుందా అని సూత్తాడు."

బొడ్డమ్మకు నవ్వు రాలేదు. పిల్లను రొమ్ముకు అదుముకుంది. "కాల్చమంటే కాల్చుతాను. తినమనకప్పా. నాకు ఇదొక్కర్తే ఉన్నాది. తిన్నాక దీనికేటన్నా అయితే నాను బతకను. భయం పోనేదప్పా, ఏటి సేత్తాను?"

రత్నాలమ్మ చుట్ట పొయ్యిలో పడేసింది. ఎడమచేత్తో దీనమ్మను అందుకుని తన ఒళ్లో పెట్టుకుంది. పిండి పళ్లేన్ని బొడ్డమ్మ ముందుకు తోసింది.

"భయం పోయినాక రమ్మని ఎవలూ అననేదే. ముందు పిండి కలుపు. నీళ్లు తక్కువెయ్యి. రేపు పాట మొదలెట్టినపుడు బయటికెల్లకు, గుంటని ఒళ్లో ఎట్టుకోని నా పక్కన కూకో. ముక్క సేతికొచ్చినపుడు వణుకొత్తే వణుకు, నానేటీ అనను. వణుకుతానే తిను."