నాయన పాడిన ఏడు ఇస్పేట్లు

మా చిన్నప్పుడు... ఆదోనిలో మా ఇంటి నడవలో ఆదివారం మధ్యాహ్నం చాప పరిచారంటే బ్రిడ్జి ఆట ఉన్నట్టే. వీధిలో మిగతా ఇళ్ళలో రమ్మీ, మూడు ముక్కలాట. మాది మాత్రం దొరల ఆట అని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ దొరల ఆటను నాయన తుంగభద్ర కాలువ పనుల్లో గుమాస్తాగా ఉన్నప్పుడు ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నాడట. తర్వాత ఆదోనిలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో పత్తి చూసి కొనే పనికి కుదిరాడు. చిటికెడు దూది బొటనవేళ్ళ మధ్య లాగి చూసి ధర చెప్పేవాడు. బ్రిడ్జి మా వీధికి నేర్పిందీ, నాకు నేర్పిందీ ఆయనే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. కొన్ని నెలలకు మాట తిరిగొచ్చింది గానీ చెయ్యి రాలేదు. మతి సంగతి మాత్రం ఎవరికీ తెలియదు... అడగడానికి మాకు భయం.

పత్తి సీజన్ మొదలయ్యే ముందు ఫ్యాక్టరీ సావుకారు ఆట వంకతో మా ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కోవడానికి నేను నీళ్ళు అందిస్తుంటే, అమ్మతో మెల్లగా చెప్పాడు. "చెయ్యి లేకున్నా ఫర్వాలేదమ్మా... మతి బాగుంటే చాలు. ఆడించి సూస్తా."

అమ్మ తలూపింది. మా ఇంటికి ఆ జీతం తప్ప వేరే ఆధారం లేదు. ఆ రోజు అది ఆట కాదని నాకు అప్పుడే అర్థమైంది.

సావుకారుకు జోడీ పక్కింటి ఖాదర్ మామ. గడియారాల దుకాణం ఆయనది, నాయనకు తమ్ముడి లెక్క. నాయనకు జోడీ నేను. ఒంటిచేత్తో ముక్కలు పట్టుకోలేడని అమ్మ లోతు పళ్ళెంలో జొన్నలు పోసి ముందు పెట్టింది. ముక్కలన్నీ అందులో గుచ్చుకుని కూర్చున్నాడు.

మొదట్లో బాగానే ఆడాడు. నాకూ ధైర్యం వచ్చింది. అంతలో ఒక మంచి చెయ్యి పడింది... ఎన్ని పట్లు గెలుస్తామో ముందే చెప్పే పాటలో నాయన ఇస్పేటుతో మొదలుపెట్టాడు, నేను నాలుగు ఇస్పేట్లు పాడాను. ఇక్కడితో ఆగు నాయనా అని నా ఉద్దేశం. ఆయన పళ్ళెం వంక కాసేపు చూసి, నేరుగా ఏడు ఇస్పేట్లు పాడాడు.

గ్రాండ్ స్లామ్! ఇస్పేటు తురుపు. పదమూడు పట్లూ మేమే గెలవాలి. ఒక్కటి పోయినా ఓడినట్టే.

ఈ ఆటలో పాట పాడినవాడి జోడీని డమ్మీ అంటారు. ముక్కలన్నీ అందరికీ కనబడేలా చాప మీద పరిచి, నోరు మూసుకుని కూర్చోవాలి. జోడీ ఏ ముక్క అడిగితే అది తీసి వెయ్యాలి, అంతే. ఉన్నదంతా పరిచి చూస్తే పాట తప్పు కాదని తెలిసింది. ఎదుటివాళ్ళ దగ్గరున్న నాలుగు తురుపులూ లాగేస్తే గెలుపు మాదే.

నాయన ఇస్పేటు ఆసు వేశాడు. ఇద్దరూ ఇస్పేటే వేశారు. తర్వాత రాజు వేశాడు. ఖాదర్ మామ ఇస్పేటు వేశాడు... సావుకారు మాత్రం డైమన్ పారేశాడు. అంటే ఆఖరి తురుపు ఖాదర్ మామ దగ్గరుందని పసిపిల్లకైనా తెలుస్తుంది. రాణి నాయన దగ్గరే ఉంది, ఇంకొక్కసారి ఇస్పేటు వేస్తే చాలు.

నాయన కళావర్లు మొదలుపెట్టాడు.

నాయనా, ఇంకొకటుంది... అని అరవాలనిపించింది. అరిస్తే ఆట మాట అటుంచి, మతి లేదని సావుకారుకు నేనే చెప్పినట్టవుతుంది. అమ్మ వైపు చూడలేకపోయాను.

మూడో కళావర్‌కు ఖాదర్ మామ దగ్గర కళావర్ అయిపోయింది. తురుపు కొట్టి మమ్మల్ని ఓడించొచ్చు. కొట్టి తీరాలని రూలేమీ లేదు. ఆయన డైమన్ పారేశాడు. ఆ తర్వాత మళ్ళీ కొట్టే వీలొచ్చినా మరో ముక్క పారేశాడు. సావుకారు కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

నాయన మాత్రం హుషారుగా వేరే రంగుల మీద తన తురుపులన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకున్నాడు, ఇస్పేటు రాణితో సహా. ఖాదర్ మామ నుదుటి మీద చెమట. ఎంత దాచినా ఏం లాభం... చివరికి మనిషికి ఒకే ముక్క మిగులుతుంది కదా.

నాయన ఆఖరి ముక్క ఆటీను రాణి నవ్వుతూ చాప మీద వేశాడు. ఖాదర్ మామ తన ముక్క చూపించకుండా బోర్లా కుప్పలోకి తోసేశాడు. "అన్నీ నీవేలే అన్నా," అన్నాడు.

నాయన నవ్వు ఆగింది. ఎడమచెయ్యి చాచి ఆ ముక్క తిరగేశాడు. ఇస్పేటు అయిదు.

చాలాసేపు దాన్నే చూశాడు. "ఎప్పట్నుంచి పెట్టుకోనుండావు ఖాదరూ?" అని అడిగాడు. నాయన నా వైపు చూశాడు. నాకూ తెలుసని నా మొహమే చెప్పేసి ఉంటుంది.

అప్పుడు సావుకారు వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "సీజన్‌కు ఇంగొగర్ని సూసుకోండి సావుకారూ."

సావుకారు మంచివాడే. ఒక్క పట్టే కదప్పా పోయింది అన్నాడు. కానీ వద్దు, నువ్వే రావాలి అని మాత్రం అనలేదు. అమ్మ తెచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ సీజన్‌కు ఎమ్మిగనూరు నుంచి వేరే మనిషి వచ్చి పత్తి చూశాడు...

ఇప్పుడు నేను ఫోన్‌లో బ్రిడ్జి ఆడతాను. అవతల ఎవరో తెలియదు. తురుపు ఉంటే కొట్టేస్తారు. తప్పేముంది, ఆట అదే కదా... కానీ గెలుపు చేతిలో పెట్టుకుని, ఎదుటివాడి కోసం దాన్ని వెయ్యలేక, దాచలేక చెమటలు కక్కే మనిషి పక్కన కూర్చుని ఆడిన రోజులు మళ్ళీ రావు.

మీ వీధిలోనూ ఇలాంటి ఖాదర్ మామ ఒకరు ఉండే ఉంటారు. ఆయన గురించి రాయండి... చదవాలనుంది.