అనంతగిరికి బయల్దేరితే పుప్పాలగూడలో పట్టేసిన ముందు బ్రేకు

అనంతగిరి కొండలకు బండి మీద వెళ్దామని మా ఆవిడ సుధ తనంతట తానే అన్నప్పుడు, నేను సరిగ్గానే విన్నానా అని మళ్ళీ అడిగాను. పోయిన వానాకాలంలో కొండాపూర్ దగ్గర రోడ్డు పనికి పోసిన ఇసుక మీద జారి ఇద్దరం పడ్డాం. నాకు మోచేతులు గీసుకుపోయాయి, తనకు మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా తను నా వెనక కూర్చోలేదు. ఆఫీసుకు క్యాబ్, కూరగాయలకు ఆటో, ఎక్కడికైనా వెళ్ళాలంటే మెట్రో. అలాంటి మనిషి, "ఒక్కసారి ఎక్కి చూస్తానండీ. నావల్ల కాకపోతే బండి అమ్మేద్దాం, ఇంక ఆ మాట ఎత్తొద్దు" అంది. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న బండి అది. అమ్మడమన్న మాటకే నాకు గుండెలో కలుక్కుమంది. కాబట్టి ఈ ప్రయాణం మాకు విహారయాత్ర కాదు, బండికి పెట్టిన పరీక్ష.

మాదాపూర్ నుంచి అనంతగిరి ఎనభై కిలోమీటర్లుంటుంది. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, పుప్పాలగూడ, నార్సింగి మీదుగా వెళ్ళి చేవెళ్ళ రోడ్డు పట్టుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు, పక్కనున్న సర్వీసు రోడ్డే మనకు గతి. ఎండ ముదరకముందే చేవెళ్ళ దాటితే హాయిగా ఉంటుందని శనివారం ఆరింటికే బయల్దేరాం. దసరా తర్వాత బండి సెల్లార్ దాటి బయటికి వచ్చింది లేదు. పైకి తోస్తుంటే మొరాయించింది. గాలి తగ్గిందనుకుని పెట్రోలు బంకులో గాలి కొట్టించి, పెద్ద పని చేసినట్టు చేతులు దులుపుకున్నాను. బయోడైవర్సిటీ కూడలి దాకా ఖాళీ రోడ్లే. సుధ నా భుజం గట్టిగా పట్టుకుని కూర్చుంది. వేళ్ళు చొక్కాలోంచి దిగుతున్నాయి. నేను నలభై దాటకుండా నడిపాను. ఏదో మాడుతున్న వాసన వస్తే ముందు పోతున్న లారీదేమో అనుకున్నాను.

నానక్‌రాంగూడ దాటాక సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చ దీపం వెలిగింది, బండి కదల్లేదు. క్లచ్ వదిలితే ఇంజిను ఆగిపోయింది. దిగి తోస్తే వెనక చక్రం తిరుగుతోంది గానీ ముందు చక్రం మేకు కొట్టినట్టు నిలబడింది. బ్రేకు డిస్కు మీంచి సెగ కొడుతోంది. వెనకాల కార్లు హారన్లు మోగిస్తుంటే ఇద్దరం ముందు చక్రం ఎత్తిపట్టి, పక్కనే ఉన్న ఒక అద్దాల ఆఫీసు గేటు దాకా ఈడ్చుకెళ్ళాం. "సార్, ఈడ పెట్టద్దు, కార్లొస్తయ్" అన్నాడు అక్కడి సెక్యూరిటీ గార్డు. నేను సీసా తీసి డిస్కు మీద నీళ్ళు పోయబోయాను. ఆయన గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగున్రి! గరం మీద నీళ్ళు వోస్తే వంకర వోతది. చల్లారనియ్యున్రి. మా తమ్ముని బండి గిట్లనే ఖరాబయింది" అన్నాడు. తన కుర్చీ తెచ్చి సుధకు వేశాడు. "కూసోమ్మా. పుప్పాలగూడ ఊళ్ళె యాదగిరని మెకానిక్ ఉంటడు. తొమ్మిదింటికి షట్టర్ తీస్తడు. పరేషాన్ గాకున్రి."

అరగంటకు చల్లారాక చక్రం కాస్త వదులైంది. వదులైందంటే తిరిగిందని కాదు, బతిమాలితే కదిలింది. రెండు కిలోమీటర్లు తోశాను. శనివారం కదా, ఆ అద్దాల భవనాల మధ్య ఒక్క చెట్టు నీడ లేదు, ఒక్క టీ బండి లేదు. చెమట కళ్ళలోకి దిగి మండుతోంది. సుధ వెనక నుంచి తోస్తూనే ఉంది. తిట్టినా బాగుండేదనిపించింది. అపార్ట్‌మెంట్ల వరస దాటి పాత ఊరి సందులోకి తిరిగాకే ఇడ్లీ బండి కనబడింది. ప్లేటు నలభై రూపాయలు, పల్లీ చట్నీ బాగుంది. నిలబడే తిన్నాం, కూర్చుంటే మళ్ళీ లేవలేమని.

తొమ్మిదింటికి షట్టర్ తీసిన యాదగిరి బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. డిస్కును రెండు వైపుల నుంచి పట్టి ఆపే ఇనుప దవడను కాలిపర్ అంటారు. దాన్ని విప్పడానికే గంట పట్టింది. అది పక్కలకు జరిగే పిన్నులు తుప్పు పట్టి రాలేదు. నూనె పోశాడు, వేడి చేశాడు, సుత్తితో కొట్టాడు, మధ్యలో తన వేలు మీదే కొట్టుకుని బండినీ నన్నూ కలిపి తిట్టుకున్నాడు. లోపల బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే పిస్టన్ చుట్టూ ఎండిపోయిన బంకలాంటిది, దాని మీద పసుపు గార.

"దీని మీద కొబ్బరికాయ కొట్టిండ్రా?" అన్నాడు.

"ఏమో, దసరాకు వాచ్‌మన్ ఏదో..." అని నేను నసిగాను.

"నేనే కొట్టానండీ" అంది సుధ. "అందరూ ఒకటే కొడతారు. మేం పడ్డాం కదా అని మూడు కొట్టాను. నీళ్ళన్నీ ముందు చక్రం మీదే పోశాను. బొట్టు చెరపకూడదని కడగనివ్వలేదు."

నాకు ఆ రోజు గుర్తుంది. చక్రానికీ డిస్కుకూ పసుపు రాసి, కుంకుమ అద్ది, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. బొట్టు దానంతట అది పోవాలి గానీ మనం తుడవకూడదని మా ఇళ్ళలో పట్టింపు. ఆ తర్వాత నెలల తరబడి బండి సెల్లార్ తేమలో అలాగే నిలబడింది.

యాదగిరి నవ్వలేదు. "అందరు జేసేదే అక్కా. తెల్లారి ఇన్ని నీళ్ళు గొట్టి రెండు దినాలు తిప్పితే అయిపోతుండె. నిలవెట్టిండ్రు, అదే లొల్లి" అని, లోపలి రబ్బరు సీళ్ళ కోసం గచ్చిబౌలి వెళ్ళాడు. ఒంటిగంట దాటినా రాలేదు. పక్కన మెస్సులో పెరుగన్నం తిని వచ్చి షట్టరు నీడలో కూలబడ్డాం. సుధ కళ్ళు తుడుచుకుంటోంది. "మిమ్మల్ని కాపాడమని మొక్కి, నా చేత్తోనే బ్రేకు పాడుచేశానండీ" అంది. నాకు ఏడుపు, నవ్వు, నిద్ర మూడూ ఒకేసారి వచ్చాయి. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అమ్మేద్దామంటే ఇక కాదనకూడదని ఆ అలసటలో నాకు నేనే ఒప్పేసుకున్నాను.

సీళ్ళు వచ్చాయి, పిస్టన్ నున్నగా రుద్దాడు, పిన్నులు కొత్తవి వేశాడు, బ్రేకు ఆయిల్ మార్చాడు. అన్నీ కలిపి పధ్నాలుగు వందలైంది. నాలుగింటికి చక్రం ఎత్తి వేలితో తిప్పితే గిర్రున తిరిగింది. "ట్రయల్ గొట్టున్రి" అని తాళం నాకు అందించాడు. సుధ మధ్యలో చెయ్యి చాపి అందుకుంది.

తనకు గేర్ల బండి వచ్చు, తణుకులో వాళ్ళ అన్నయ్య బండి మీద నేర్చుకుంది. ఆ సందులో పోవడం, బ్రేకు పట్టడం, మళ్ళీ వెనక్కి రావడం, మళ్ళీ పట్టడం. పదిసార్లైనా పట్టి ఉంటుంది. వచ్చి నా ముందు ఆపి, "ఎక్కండి" అంది. అనంతగిరికి వేళ మించిపోయింది. గండిపేట చెరువు దాకా వెళ్ళొద్దామంది.

ఏడేళ్ళ కాపురంలో ఆమె వెనక కూర్చోవడం నాకదే మొదటిసారి. మొదటి స్పీడ్ బ్రేకరు రాగానే నా కుడికాలు ఫుట్‌రెస్టును గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఎదురుగా ఆటో వస్తే మళ్ళీ తొక్కాను. బండి నడిపేవాళ్ళకు రోడ్డు కనబడుతుంది, చేతిలో బ్రేకు ఉంటుంది. వెనకవాళ్ళకు కనబడేది ఒక వీపు, అంతే. పడిన రోజున సుధ చూసిందీ నా వీపునే. తన భయం మెల్లగా అదే సర్దుకుంటుందని, నేను నెమ్మదిగా నడిపితే చాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

మీరు కూడా చాలాకాలం నిలిపి ఉంచిన బండి తీసి జంటగా బయల్దేరుతుంటే ఒక పని చేయండి. బండెక్కకుండా న్యూట్రల్‌లో తోస్తూ ముందు బ్రేకు పట్టి వదలండి. వదిలాక చక్రం తేలిగ్గా తిరగకపోతే ప్రయాణం మానుకోండి. ఆ పరీక్ష మీ వెనక కూర్చోబోయే మనిషి చేత చేయించండి. గండిపేట గట్టు దగ్గర దిగాక, "భయమేసిందా?" అని అడిగింది సుధ. వేసిందన్నాను. "తిరుగు ప్రయాణంలో మీరు నడపండి, నేను కూర్చుంటాను" అంది.