బేసు గిటారుకు బ్రేకు తీగలు

ఇప్పుడు ఏ విద్య నేర్చుకోవాలన్నా అరచేతిలో ఫోను ఉంటే చాలు, ఎవరో ఒకరు అందులోంచి నవ్వుతూ నేర్పేస్తారు. మొన్న అలాంటి గురువొకడు, ఇంకా గడ్డమైనా సరిగ్గా రానివాడు, "బేసు గిటారు పట్టాలంటే ముందు మామూలు గిటారు వచ్చి తీరాలి" అని సెలవిచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. (డెబ్బై దాటాక ఒళ్ళు మండటం మంచిది కాదని మా డాక్టరుగారు చెప్పారు. నిజమే కానీ, ఆయనకు బేసు గిటారు రాదు.) మేం పెరిగిన కాలంలో ఏది ముందో ఏది వెనకో చెప్పేవాళ్ళు లేరు. చేతికి ఏది అందితే అదే మొదటి పాఠం. ఎనిమిదో తరగతితో బడి మానేసి, చదువైనా సంగీతమైనా నాకు నేనే వడ్డించుకున్నవాణ్ణి. ముందు పెరుగన్నం, తర్వాత పప్పన్నం తింటే మాత్రం కడుపు నిండదా?

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. తాడేపల్లిగూడెంలో మా బాబాయి సైకిలు షాపులో పంక్చర్లు వేస్తూ, ఆదివారం చర్చిలో పాటల బృందంతో పాడేవాణ్ణి. బృందాన్ని నడిపేది ఒక టీచరమ్మగారు. ఆవిడ హార్మోనియం ముందు కూర్చుని కళ్ళెత్తితే పాట మొదలు, దించితే ఆఖరు. ఒకరోజు ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ఎంతో మృదువుగా, "నాయనా, నీ గొంతు దేవుడిచ్చిందే, కాదనను. ఆయనొక్కడే వింటున్నప్పుడు పాడుకో" అన్నారు. పై వారం నుంచి నేను వెనక చాప మీద కూర్చున్నాను. ముందు వరసలో నా చోటు ఖాళీగా ఉన్నా కొంత ఓదార్పుగా ఉండేది. పక్కవాళ్ళు ఒక్క అడుగు జరిగి సర్దేసుకున్నారు. మళ్ళీ ఆ వరసలో నిలబడాలి. అన్నం తింటున్నా, ట్యూబు నీళ్ళలో ముంచుతున్నా అదొక్కటే ధ్యాస.

ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి వచ్చిన అతిథి ఒకాయన మా చర్చికి ఒక గిటారు ఇచ్చి వెళ్ళారు. సంఘ పెద్దలు దాన్ని బల్లమీద పడుకోబెట్టి తీగలు లెక్కపెట్టారు. నాలుగే ఉన్నాయి. గిటారుకు ఆరు తీగలుంటాయని వాళ్ళకు తెలుసు. పైగా మీటితే దోమ మూలిగినంత చప్పుడు. "పాపం, పాడైపోయిందని ఇచ్చేశాడాయన" అని తేల్చి, వాళ్ళలో ఒకరు నా వంక చూసి, "అబ్బాయ్, మీ షాపులో తీగలుంటాయి కదా, ఆ తక్కువైన రెండూ నువ్వే కట్టు" అన్నారు. కట్టాను. చెక్కకు బరమాతో రెండు రంధ్రాలు వేసి, కొత్త బ్రేకు తీగలు రెండు లాగి బిగించాను. బాబాయి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "బ్రేకులు బాగానే వేశావురా. పెడలెక్కడ?" అన్నాడు.

ఇక వాయించడం నేర్పేవాళ్ళు కావాలి. ఏలూరులో పెళ్ళిళ్ళకు ఆర్కెస్ట్రా కట్టే మాస్టారొకరు ఉన్నారని తెలిసి, గిటారును దుప్పట్లో చుట్టి పాసింజరెక్కాను. (భీమడోలు దగ్గర ఒక పెద్దావిడ, పిల్లాడికి ఒంట్లో బాగోలేదా అని అడిగింది.) మాస్టారు దుప్పటి విప్పి, నా బ్రేకు తీగలు రెండింటినీ వేలితో మీటి చూశారు. ఆయన చిన్నా పెద్దా లేకుండా అందర్నీ అండీ అనే మనిషి.

"ఈ రెండూ ఎవరు కట్టారండీ?"

"నేనేనండి" అన్నాను, కొంచెం గర్వంగానే.

"మీకు గిటారు వచ్చాండీ?"

"రాదండి."

"పోనీలెండి. మర్చిపోవాల్సిన పని తప్పింది."

అంటూనే కటింగ్ ప్లేయరు తీసి నా బ్రేకు తీగలు రెండూ పుటుక్కుమని కత్తిరించేశారు. ఇది బేసు గిటారనీ, పుట్టుకతోనే దీనికి నాలుగు తీగలనీ, ఆంప్లిఫయరు పెడితే గానీ నోరు విప్పదనీ అప్పుడు చెప్పారు. "పాటంటే నడిచే మనిషండి. ఇది ఆ కాళ్ళ కింద నేల. నేలని ఎవరూ చూడరండి. చూసే వాయిద్యం కావాలంటే వేరే నేర్చుకోండి." నాకు కావలసింది వరసలో చోటు. అందుకని నేలకే ఒప్పుకున్నాను.

ఆంప్లిఫయరు లేదు కాబట్టి గిటారు తలను చెక్క బీరువాకు ఆనించి వాయించమన్నారు. నిజంగానే బీరువా గుమ్మని పలికేది, దాంతో పాటు లోపలున్న స్టీలు గిన్నెలూ పలికేవి. వారం రోజులు మా అమ్మ పిల్లి దూరిందనుకుంది. వేళ్ళు బొబ్బలెక్కి, షాపులో ట్యూబుకు సొల్యూషను రాస్తే చురుక్కుమనేవి. తాళం నిలవడం లేదని మొరపెట్టుకుంటే మాస్టారు, "సైకిలు తొక్కుతూ లెక్కపెట్టండి. కుడికాలు కిందికొచ్చినప్పుడల్లా ఒక దెబ్బ" అన్నారు. రోజూ ఇంటి నుంచి షాపుకు పాట గొణుక్కుంటూ తొక్కేవాణ్ణి. దారిలో కాలవ వంతెన ఉందనీ, ఎక్కేటప్పుడు కాలు నెమ్మదిస్తుందనీ, దిగేటప్పుడు పరుగెత్తుతుందనీ నేనూ ఆలోచించలేదు, ఆయనా అడగలేదు.

మూడు నెలల తర్వాత, కొల్లేటి గట్టున ఒక ఊళ్ళో కొత్త చర్చి తెరుస్తున్నారని మా బృందాన్ని పిలిచారు. అక్కడ మైకు సెట్టుతో పాటు ఆంప్లిఫయరు కూడా ఉంటుందని తెలిసి, టీచరమ్మగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఒక్క పాట. చెడగొట్టావో, మళ్ళీ అడగకు" అన్నారు. వరస చివర, స్తంభం పక్కన నిలబెట్టారు. పాట మొదలైంది. మొదటి రెండు చరణాలూ బాగానే సాగాయి. మూడో చరణం సరిగ్గా నా వంతెన దగ్గర పడింది. నా చెయ్యి బరువెక్కింది. దెబ్బ దెబ్బకూ ఎడం పెరిగింది. పోయింది నా చోటు అనుకుని కళ్ళు మూసుకున్నాను. తీరా చూస్తే డోలకు నెమ్మదించింది, పాడేవాళ్ళు నెమ్మదించారు, ఎవరి మాటా వినని హార్మోనియం కూడా నెమ్మదించింది. అందరూ నాతో వంతెన ఎక్కారు. తర్వాత అందరూ నాతో జరజరా దిగారు. ఊరివాళ్ళు మాత్రం అదే ఆ పాట పద్ధతి కాబోలనుకుని, దిగుడులో చప్పట్లు కూడా కలిపారు. టీచరమ్మగారు మెట్లు నొక్కుతూనే వెనక్కి తిరిగి ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, చివర నా దగ్గర ఆగారు.

భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి నిలబడ్డారు. "పాటని ఎక్కడికో తీసుకుపోయావు."

"తప్పయిపోయిందండి."

"తప్పే. కానీ వెనక మేమందరం వచ్చాం కదా. రేపు ప్రాక్టీసుకి రా." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగారు. "పాడకు."

తిరుగు దారిలో లారీలో అందరూ పాడుతున్నారు. నేను మాత్రం పెదవులు బిగించుకుని ఆ ఒక్క మాట మీద ఉడికిపోతూ కూర్చున్నాను. వరసలో నాకు చోటు దొరికిందన్న సంగతి మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే గానీ తట్టలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ వరస చివరి చోటు నాదే అయింది. టీచరమ్మగారు పోయి చాలాకాలమైంది. ఆవిడ అన్నది తప్పని నిరూపించాలని ఈ వయసులో కూడా అప్పుడప్పుడూ అనిపిస్తుంది. గొంతు సవరించుకుంటాను కూడా. విప్పితే ఆవిడదే ఒప్పని తేలిపోతుందని, మంచినీళ్ళు తాగి ఊరుకుంటాను.